బల్బు ఎర్రబడినప్పుడు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ సాయంత్రం చిల్కానగర్‌లో మన గల్లీకి నల్లా నీళ్లు వచ్చాయి. ఎప్పటిలాగే అందరూ మోటర్లు వేశారు. వోల్టేజి పడిపోయి బల్బు ఎర్రబడింది.

చిన్నప్పుడు నువ్వు అల్లి నాకు చెప్పిన గాలి ఓడల యుద్ధాల కథలన్నీ ఆ ఎర్ర బల్బు కిందే పుట్టాయి. "మెరుపు ఫిరంగులు మన కవచాన్ని ఏం జెయ్యలేవు చెల్లె. ఇనుప గుండ్లతోనే భయం. కవచం పగలది గని, తగిలిన ప్రతి గుండు ఇంజన్ల బలం గుంజుతది. ఓడను పైన నిలిపేది గూడ గా ఇంజనే. గుండ్లు పడ్తనే ఉంటె ఓడ కిందికి దిగుతది," అనేవాడివి. మరి గెలిచేదెలా అని అడిగేలోపు నీకు దగ్గు వచ్చేది.

ఈరోజు నా బిడ్డకు ఆయాసం వచ్చింది. ఛాతీలో నీకు వచ్చిన అవే పిల్లికూతలు. మందును ఆవిరిగా పట్టే మిషన్ పెట్టాను, వోల్టేజి చాలక మూలిగి ఆగిపోయింది. బిడ్డ పెదాలు నీలమయ్యాయి. నిరుడు నీ పెదాలు అలాగే చూశాను.

గల్లీలోకి ఉరికాను. "జర మోటర్లు బంద్ జెయ్యున్రి, పాపకు ఊపిరాడ్తలేదు."

రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు. ఎవరాపుతారు? ఎదురింటి సుగుణక్క మాత్రం తన మోటరు ఆపి, పక్కింటి తలుపు కొట్టింది. "నీళ్లదేముంది, బోరింగుకు పోదాం," అంది. ఒక్కో మోటరు ఆగేకొద్దీ బల్బు తెల్లబడింది. మిషన్ కదిలింది.

ఇప్పుడు బిడ్డ పడుకుంది. గల్లీలో అందరి బిందెలూ సగమే నిండాయి. ఎక్కడ చప్పుడైనా బిడ్డ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను.

ఎల్లుండి మళ్లీ నల్లా వస్తుంది అన్నా.