నాన్న నిమ్మమొక్కకి నాతోపాటే స్నానం

చిట్టితల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. వానల్లేక కుళాయి నీళ్ళు మనుషులకే అన్నారు, మొక్కలకు పోస్తే కనెక్షన్ పీకేస్తారట. మీ నాన్న పోయేముందు పెట్టిన నిమ్మమొక్క కళ్ళముందే వడిలిపోతుంటే ప్రాణం ఒప్పక, తొట్టితో సహా స్నానాలగదిలోకి ఈడ్చాను. తొట్టి అంచున కూర్చుని పోసుకుంటే నీళ్ళన్నీ దాని మొదట్లోకే పోతాయి. నిన్న నీళ్ళ తనిఖీ అబ్బాయి చూసేశాడు. "ఇదేంటి పిన్నిగారూ, ఇక్కడ మొక్క?" అన్నాడు. "నా ఒంటిమీంచి జారే నీళ్ళకి కూడా నువ్వే కాపలానా నాయనా? పెట్టినాయన ఎలాగూ లేరు, ఇదన్నా ఉండనీ" అన్నాను. బుర్ర గోక్కుని, "సరేగానీ, సబ్బునీళ్ళకి చచ్చిపోతుంది, చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. అంతే, సబ్బు మానేశాను. పక్కింటి వదిన ఇప్పుడు వీధిలోంచే పలకరిస్తోంది. అల్లుడుగారి దగ్గు తగ్గిందా? నా పాత గొడుగు అక్కడుంటే పారెయ్యకు, వాన రాకపోదు. నన్ను వచ్చెయ్యమని మళ్ళీ రాయకు, నేనొస్తే దీనికి స్నానమెవరు చేయిస్తారు? ఇవాళ చిగురేసింది. అది చూసి నేనూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. నువ్వూ వేళకి కడుపునిండా తినమ్మా.

అమ్మ