వాడి ఆటకి వేసిన గడియ

ఏమండీ,

మీ ఆవిడ నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ క్షేమం. అందరం క్షేమమని రాయబోయి ఆగాను, ఇప్పుడు ఇంట్లో అందరం అంటే నేనే కదా. మీరూ, ఓడలో మీ ఇంజను గది వాళ్లూ బాగున్నారని తలుస్తాను. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగారు. కుట్టుమిషను తొక్కుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, లేచి నిలబడితేనే గుర్తొస్తుంది. ముందు గదిలో బల్బు మార్పించాను. సూదిలో దారం ఇప్పుడు ఒక్కసారికే ఎక్కుతోంది.

మన గుండీగాడు పోయి, మీరు మళ్లీ ఓడెక్కాక, వాడి మాటెత్తి నాకు రాసిన మొదటి ఉత్తరం ఈసారి వచ్చినదే. "వాడి ఆట మూయించావా, ఇంకా అలాగే ఉందా?" అని అడిగారు. ఆ ఒక్క ముక్కకి జవాబు రాయలేక ఎన్నిసార్లు కాగితం తీసి మళ్లీ పెట్టేశానో. ఉందండీ, అలాగే ఉంది.

ఆ ఆటంటే మీరు మండిపడేవారు కాబట్టి కొన్ని సంగతులు మీదాకా రానిచ్చేవాళ్లం కాదు. ఆ కంప్యూటరు ఆటలో చేరిన రోజు వాడి ఫోను రిపేరులో ఉంటే నా నంబరు ఇచ్చాడు. ఇక అప్పట్నుంచి వాడు లోపలికి వెళ్లాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, నా ఫోనుకి వచ్చే ఆరంకెల నంబరు కూడా కొట్టాలి. నీ ఫోనుకి మార్చుకోరా అంటే మార్చుకోలేదు. కాలేజీ నుంచి రాగానే వెనక గదిలోంచి "అమ్మా, నంబరూ!" అని కేక. నేనేమో నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేదాన్ని. అవి తీసి, కళ్లజోడు వెతుక్కుని, గబగబా చదివేసేదాన్ని.

"మెల్లగా అమ్మా, వేలంపాట పాడుతున్నావా?"

"నీ ఆటకి నేను కాపలా ఏంట్రా? జీతమిస్తావా?"

"నువ్వు లేకపోతే నేను గుమ్మం బయటే అమ్మా."

కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మా ఇద్దర్నీ చూసి నవ్వేవారు. ఆటలో కూడా వాడి పేరు గుండీయేనండీ. పాకే వయసులో నా గుండీల డబ్బా బోర్లించాడని మీరు పెట్టిన పేరు. మీ మీద అలిగి మాట్లాడని రోజుల్లోనే అది పెట్టుకున్నాడు.

ఆ మాయదారి జ్వరం వాణ్ణి తీసుకుపోయాక ఫోను కూడా ఊరుకుంది. ఈ మధ్య ఒక సాయంత్రం ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తుంటే టింగుమంది. అదే ఆట, ఆరంకెలు. "వస్తున్నా నాన్నా" అనేశాను. వెనక గది వైపు తిరిగాక గానీ తెలివి రాలేదు.

సందు చివర ఫోన్లు బాగుచేసే ఆయన్ని, మనవాడు ఫోన్ల డాక్టరు అనేవాడే, ఆయన్ని అడిగాను.

"వాడి పాస్‌వర్డ్ ఎవడికో దొరికిందక్కా. ఈ నంబరు తెలియక గుమ్మంలో ఆగిపోయాడు. ఎవరడిగినా చెప్పకు. ఇవాళే పాస్‌వర్డ్ మార్చేద్దాం పద."

"లోపలికొస్తే ఏం చేస్తాడు?"

"ఆటలో మీవాడు కూడబెట్టినవన్నీ అమ్ముకుంటాడు. మీవాడి పేరుతో మీవాడి స్నేహితుల దగ్గర చేరతాడు."

నేను మార్చలేదు. రేపు అన్నాను. మర్నాడూ రేపే అన్నాను. ఎందుకో చెబితే తిట్టకండి. మారిస్తే ఆ నంబరు రావడం ఆగిపోతుంది కదా. తలుపు తట్టేది దొంగేనని తెలుసు. కానీ సాయంత్రమయ్యేసరికి వాడే పిలిచినట్టుండేది. మిషను ఆపుకుని మరీ ఎదురుచూసేదాన్ని.

ఇంకొకటుంది. దాన్ని రాయడానికే ఇంత తిప్పుతున్నాను. మొన్న నంబరు వచ్చిన వెంటనే ఫోను మోగింది. కుర్రగొంతు. "అమ్మా, ఆట కంపెనీ నుంచి. ఇప్పుడొచ్చిన నంబరు చెప్పమ్మా" అన్నాడు. అమ్మా అన్నాడండీ. నా నోరు దానంతటదే తెరుచుకుంది. నాలుగు అన్నాను. సున్నా అన్నాను. ఏడు అన్నాను. "త్వరగా, త్వరగా కానివ్వు" అన్నాడు. మనవాడు ఏనాడైనా నన్ను తొందరపెట్టాడా? నాలిక కరుచుకుని ఫోను పెట్టేశాను. వాడి పేరు తొడుక్కుని ఇంకెవడో తిరిగితే? గుండీ వచ్చాడని ఆటలో వాడి స్నేహితులు పరిగెత్తుకొస్తే? నాకు ఓదార్పుగా ఉందని, వాడి పేరు తీసుకెళ్లి దొంగ చేతిలో పెట్టబోయాను.

ఫోన్ల డాక్టరుని ఇంటికి లాక్కొచ్చాను. కంప్యూటరు దుమ్ము దులిపి, పాస్‌వర్డ్ మర్చిపోయామని ఎక్కడో నొక్కితే నా ఫోనుకే నంబరు వచ్చింది. "పేరు వద్దు, పుట్టినరోజు వద్దు. ఎవరూ ఊహించలేనిది కొట్టక్కా, నాకు కూడా చెప్పకు" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అయిందా?"

"ఒక్క వేలుతో కొడుతున్నాను, ఉండవయ్యా."

"నా మెడ పట్టేసేలా ఉందక్కా!"

ఎన్నాళ్లకో నవ్వొచ్చింది.

లోపల చూశానండీ. ఆ ఆటలో మనిషి ఎక్కడ ఆపితే అక్కడే పడుకుని ఉంటాడట. మనవాడు దారి పక్కన ఆపాడు. అక్కడా వానలు పడతాయట. వాడి స్నేహితులు వాడి చుట్టూ గుంజలు పాతి, పైన కప్పు వేశారు. ముందు ఒక చెక్క మీద "చప్పుడు చెయ్యకండి, గుండీ నిద్రపోతున్నాడు" అని రాశారు. నేను చూసినప్పుడు వాన జోరుగా పడుతోంది. వాడి మీద ఒక్క చుక్క పడటం లేదు.

ఇప్పుడు నంబర్లు రావడం లేదు. సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయని మాత్రం అడగకండి.

ఆట మూయించనండీ. మీ ఉత్తరం చివర, సంతకం కింద, చీమల్లాంటి అక్షరాలతో "మూసేముందు ఒక్కసారి చూడాలనుంది, పాస్‌వర్డ్ రాసి పంపు" అన్నారు. రాయను. ఉత్తరం ఎన్ని చేతులు మారుతుందో ఎవరికి తెలుసు? ఓడ ఒడ్డుకి రాగానే ఇంటికి రండి. వాడి కుర్చీలో మీరు కూర్చోండి. చెవిలో చెబుతాను.

ఇట్లు,
గుండీగాడి అమ్మ