అరవై ఒక్క రోజులు, అరవై ఒక్క సీసం చేపలు

ఏప్రిల్ 15, ఉదయం 6:10

అన్యాయం జరిగింది. చేసినవాడు హార్బర్ రోడ్డులో గాలాల కొట్టు భీమశంకరరావు.

నిన్న, వేట నిషేధానికి ముందు ఆఖరి రోజు, మా దుర్గక్క మొగుడు వీరన్న బావ పడవ అంచుదాకా లాగిన కోనాం చేప జారిపోయింది. నా చెయ్యంత పొడుగుందట. కారణం, భీమశంకరరావు అమ్మిన జిగ్. సీసానికీ గాలానికీ మధ్య ఉండే చిన్న రింగు విచ్చుకుపోయింది. బావని వెంటబెట్టుకెళ్ళి నిలదీశాను. చేప బలంగా ఉంటే తనేం చేస్తాడని అడిగాడు. ఫ్యాను కూడా మావైపు తిప్పలేదు.

జిగ్ అంటే (ఈ డైరీ రేపు ఎవరో ఒకరు చదువుతారు కనక రాస్తున్నాను) చిన్న చేప ఆకారంలో పోసిన సీసం ముక్క. రంగు వేసి, గాలం తగిలించి, లోతు నీళ్ళలోకి వదిలి పైకీ కిందకీ ఆడిస్తారు. పెద్ద చేప మోసపోయి మింగుతుంది. సీసం ముక్క కోసం మనిషి ఇంకో మనిషి ముందు చెయ్యి చాచడమా?

తీర్మానం: జూన్ 14 దాకా మోటారు పడవలన్నీ ఒడ్డునే. అరవై ఒక్క రోజులు. రోజుకొక జిగ్, మా ఇంట్లో, నా చేత్తో. నిషేధం ఎత్తేసే రోజుకి జాలరిపేటలో ఏ పడవా ఆ కొట్టు గడప తొక్కకూడదు.

7:00. బావకి ఫోన్ చేశాను. వాళ్ళింట్లో ఒక పట్టింపుంది. నిషేధం తర్వాత మొదటి వేటకి కొత్త జిగ్గులే కట్టాలి, అవీ ఇంటి మనిషి చేసినవై ఉండాలి. మిగతా ఏడాది కొట్టువి కట్టినా తప్పులేదు. ఏటా బావ వాళ్ళమ్మ గంగాలమ్మత్త ఆరు పోస్తుంది.

"ఆరు సాలు బామ్మర్దీ," అన్నాడు బావ. "అయితే ఈసారి మాయమ్మని పొయ్యద్దంటాను. నీవే కడతాను."

అరవై ఒకటి చూశాక ఆరు అన్నందుకు సిగ్గుపడతాడు.

ఏప్రిల్ 17, మధ్యాహ్నం 3:00

సామగ్రి:
సీసం – గాజువాక టైర్ల కొట్టు. చక్రాలకి కొట్టే బరువులు, ఒక సంచి.
అచ్చు – సముద్రపు ఇసక. ప్రకృతి ఇచ్చింది, ఎవడి సొత్తూ కాదు.
మూకుడు – అమ్మది. (చెప్పలేదు. సాధించాక చెప్తాను.)
పొయ్యి – డాబా మీద మూడు ఇటుకలు.
జ్ఞానం – "మన వస్తువు మన చేత్తో" అనే పుస్తకం, పదహారు పేజీలు. రెండుసార్లు చదివాను. సీసం గురించి లేదు కానీ స్ఫూర్తి ఉంది.

గంగాలమ్మత్తని అడగమంది అక్క. అడగను. ఆవిడది పాత పద్ధతి. మనం శాస్త్రీయంగా పోదాం.

ఏప్రిల్ 18, ఉదయం 10:40

సంచిలో సగం కరగలేదు. ఇనుమట! టైర్లవాడు కూడా భీమశంకరరావు మనిషేమో.

కరిగిన సగంతో మొదటి జిగ్ పోశాను. అమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది వంకాయా అనడిగింది. తర్వాత మూకుడు గుర్తుపట్టింది. ఇక అందులో పోపు వెయ్యనంది. మంచిదే. ఉద్యమానికి సొంత మూకుడు వచ్చింది.

మొత్తం: 1. మూడు వెనకబడ్డాను. రేపు నాలుగు పోస్తే సరి.

ఏప్రిల్ 20, సాయంత్రం 5:15

పోయలేదు. పక్క వాటా తాయారు పిన్ని డాబా మీదికొచ్చింది. ఆరేసిన బట్టలన్నీ పొగ వాసన, మనవరాలికి దగ్గు. సీసం పొగ పిల్లలకి ఎంత చెడ్డదో టీవీలో విన్నానంది. ఉద్యమం గురించి వివరించబోయాను. చేతిలో కాగితం తీసింది. పోర్టు బొగ్గు దుమ్ము మీద నిరుడు నేను రాసి, ఇంటింటికీ పంచిన కరపత్రం!

"నీ రాతే కదా నాయనా," అని చదివింది. "'మా గాలిని పాడుచేసే హక్కు ఎవడిచ్చాడు?' ఎవడిచ్చాడు, చెప్పు."

నా వాక్యం బాగానే ఉంది. అదే ఇబ్బంది. పొయ్యి ఆర్పేశాను.

మే 3, ఉదయం 9:00

రెండు వారాలు వృథా కాలేదు. లోపం ఎక్కడుందో కనిపెట్టాను: ఆచరణకి ముందు ప్రచారం ఉండాలి. నేను ఒక్కణ్ణి పోస్తే ఏం లాభం? జనం చేత పోయించాలి.

కరపత్రం రాశాను. శీర్షిక: "భీమశంకరరావు కొట్టుని బహిష్కరించండి!" అయిదు వందల కాపీలు. అందులో నా అరవై ఒక్క జిగ్గుల గురించి ఒక పేరా. జరిగిపోయినట్టే రాశాను. అచ్చయ్యేసరికి జరిగిపోతుంది కదా.

మే 11, ఉదయం 8:30

వడగాలి. ఈ ఎండలో సీసం కరిగించడం శాస్త్రీయం కాదు.

పంచినవి: ఎనభై ఎనిమిది. అందులో ముప్ఫై ఒకే మనిషికి. బజ్జీల బండివాడు, చాలా ఆసక్తి చూపించాడు.

మొత్తం: 1.

మే 19, ఉదయం 11:00

జాలరిపేటలో శిక్షణా తరగతి పెట్టాను. విషయం: సీసం పోత, తొలి పాఠాలు.

పదిమందిదాకా వచ్చారు. గంగాలమ్మత్త పీటేసుకుని ముందు కూర్చుంది. అమ్మకానికి వెళ్తున్న చిలకమ్మ పిన్ని చేపల గంప దించి ఆగింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తి విన్నారు. సీసం అంటే ఏమిటో, అది ఎందుకు కరుగుతుందో ముప్పావుగంట చెప్పాను. ఒక్కరూ అడ్డు రాలేదు. ఇంత క్రమశిక్షణ నేను పట్నం సభల్లో చూడలేదు.

తర్వాత ఇసకలో అచ్చు నొక్కి, మూకుడెత్తాను. అత్త అప్పుడు నోరు విప్పింది.

"ఒరే తిరుమలా, ఆ ఇసక తడి కదరా. తడి మీద పోస్తే ఏటవుద్ది?"

ఏమీ కాదత్తా, ఆవిరైపోతుందన్నాను.

అత్త లేచి, పీట తీసుకుని నాలుగు బారలు వెనక్కెళ్ళి కూర్చుంది. అందరూ ఎవరి పని వాళ్ళు పట్టుకుని నాలుగు బారలు వెనక్కి జరిగారు. చిలకమ్మ పిన్ని గంపని ముందు అడ్డం పెట్టుకుంది. భయపడుతున్నారు, శిక్షణ లోపం అనుకున్నాను.

పోశాను.

చొక్కాకి ఏడు చిల్లులు. మణికట్టు మీద శనగగింజంత బొబ్బ. సీసం టపాకాయలా లేచింది. అత్త వచ్చి నా చెయ్యి చల్లనీళ్ళలో ముంచి పట్టుకుంది. నవ్వలేదు. మిగతావాళ్ళు ఆ బాధ్యత తీసుకున్నారు.

వస్తూ వస్తూ అత్త పెరట్లో చూశాను. పొయ్యి పక్కన రెండు ఇటుకలు. లోపల చేప ఆకారంలో తొలిచి ఉన్నాయి. అంచులు చేతులు తగిలి తగిలి నున్నగా అరిగిపోయాయి. నలభై ఏళ్ళ నుంచీ అవే అచ్చులని అక్క చెప్పింది. అక్కడున్న ప్రతి మనిషికీ సీసం పొయ్యడం వచ్చని కూడా చెప్పింది. మరి ఎందుకు కూర్చున్నారు? మొహమాటం. దుర్గ తమ్ముడు కదా అని.

మే 30, సాయంత్రం 4:00

బొబ్బ మానింది. చొక్కా మానలేదు.

సిగ్గు విడిచి అత్తనే అడుగుదామా అనుకున్నాను. బస్టాపు దాకా వెళ్ళాను. బస్సు ఖాళీగా వచ్చింది. ఎక్కలేదు. పాఠం చెప్పినవాడు పదకొండు రోజులకే పాఠం చెప్పించుకోవడమా?

జూన్ 8, ఉదయం 7:20

బావ ఫోన్. పడవకి రంగేశాడట, మోటారు బాగుచేయించాడట. జిగ్గులు ఎంతవరకూ వచ్చాయని అడిగాడు.

చివరి మెరుగులు దిద్దుతున్నానన్నాను.

మాయమ్మ ఇటుకలు అటక మీద ఎట్టేసింది, నీ మీదే ఆశ పెట్టుకున్నాం అన్నాడు. మామూలుగానే అన్నాడు. ఫోన్ పెట్టాక టీ తాగలేకపోయాను.

జూన్ 13, మధ్యాహ్నం 12:00

ఊరి బయట, గాలి చూసుకుని, ఎండిన మట్టి అచ్చుల్లో పోశాను. రెండు వచ్చాయి. ఒకటి వంకర. ఇంకోటి మరీ వంకర. మొదటి వంకాయతో కలిపి మూడు.

మొత్తం: 3. కావలసినవి: 61. పోనీ, 6.

జూన్ 14, ఉదయం 11:30

రాయకూడదు. కానీ డైరీతో అబద్ధమాడే స్థితికి రాలేదింకా.

హెల్మెట్ తియ్యకుండా భీమశంకరరావు కొట్టుకెళ్ళాను. ఆరు జిగ్గులు కొన్నాను. లోపల చెమటలు. నేనెవరో గుర్తుపట్టాడో లేదో తెలీదు. ఫ్యాను మాత్రం నావైపు తిప్పాడు. పక్కనున్న కట్టలోంచి ఒక కాగితం లాగి, ఆరింటినీ పొట్లం కట్టిచ్చాడు.

ఇంటికొచ్చి విప్పాను. "భీమశంకరరావు కొట్టుని బహిష్కరించండి!" బజ్జీలవాడు మిగిలినవి అక్కడ అమ్ముకున్నట్టున్నాడు.

కొట్టు ముద్ర మీద అక్క వదిలేసిన గోళ్ళరంగు రెండు పూతలు వేశాను. ఎర్రది. రింగులు మార్చాలనుకున్నాను. తీగ లేదు. ఒక్కసారికి ఏమవుతుంది?

జూన్ 15, ఉదయం 5:20

పడవ దగ్గర ఉన్నాను. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. జిగ్గులు అత్త చేతిలో పెట్టాను. ఆరింటినీ కళ్ళకద్దుకుంది. పక్క పడవవాళ్ళకి చూపించి, మా దుర్గ తమ్ముడు పోసినాడు, ఎంత నున్నగా ఉన్నాయో సూడండి అంది. చొక్కా చిల్లుల మాట ఎవరూ ఎత్తలేదు.

బావ వెళ్ళాడు. చెయ్యూపాను.

మధ్యాహ్నం 2:45. పడవలన్నీ వస్తున్నాయి. చిలకమ్మ పిన్ని గంప నిండింది. బావ పడవలో అడుగున నాలుగు చిన్న చేపలు.

రింగు విచ్చుకుంది. పోయినసారి లాగే, పడవ అంచు దగ్గరే. మొదటి వేట, మొదటి చేప. మిగతా అయిదూ ఇక నమ్మకం లేక వాడలేదట.

తిడతాడనుకున్నాను. సిద్ధపడ్డాను కూడా, జవాబు ఆలోచించుకున్నాను. బావ నా పక్కన ఇసకలో కూర్చుని అరచెయ్యి తెరిచాడు. ఉప్పునీళ్ళకి ఎర్రరంగు ఊడిపోయిన జిగ్. కింద కొట్టు ముద్ర.

"నువ్వు పోసినవి అసలున్నాయా?"

మూడున్నాయన్నాను. వంకరవని చెప్పాను.

"వంకరదైనా నీదే కట్టేవోణ్ణి కదరా," అన్నాడు. "ఇది కట్టడానికి మాయమ్మ సేతులు ఎందుకు కట్టేసినాను నాను?"

లేచి వల దులుపుకోడానికి వెళ్ళిపోయాడు.

గంగాలమ్మత్త అంతా వింది. ఒడ్డు పక్కనే ఉన్న ఇంట్లోకెళ్ళింది. అటక మీంచి ఏదో దింపుతున్న చప్పుడు. రెండు ఇటుకలూ తెచ్చి పొయ్యి గట్టు మీద బోర్లించింది.

"ఇయ్యి ఇప్పుట్నించీ ఎండాల. ఎల్లుండి పొద్దున్నే రా. ఆ మూడూ అట్టుకురా, కరిగించేద్దాం. మాటాడకుండా కూకుంటానంటేనే రా. మరి మన పొయ్యి రాజడానికి కాయితాలేటన్నా ఉన్నాయేటి?"

ఉన్నాయత్తా అన్నాను.

జూన్ 16, ఉదయం 6:10

అన్యాయం జరిగింది. చేసినవాడు మల్కాపురం తిరుమలరావు, అంటే నేను. మొదటి వేట పాడుచేశాడు. ముద్ర మీద రంగు పూశాడు. సీసంతో ఇల్లు గడుపుకునేవాళ్ళకి సీసం పాఠం చెప్పాడు.

తీర్మానం: ఈ రోజు నుంచి కొత్తగా మొదలు. అరవై ఒకటి కాదు. ఆరు. రింగులు లావు తీగతో నేనే వంచుతాను. (చెయ్యి కుదిరితే అరవై ఒకటి కూడా పెద్ద లెక్క కాదు. చూద్దాం.)

తాయారు పిన్నికి చెప్పాను. డాబా మీద కాదని తెలిశాక ఆశీర్వదించింది. బావకీ మెసేజ్ పెట్టాను. చూశాడు. జవాబివ్వలేదు. వస్తాడు.

రేపు ఉదయం ఆరు గంటలకి, జాలరిపేట, గంగాలమ్మత్త పెరట్లో పొయ్యి దగ్గర. నేర్చుకోవాలనుకున్నవాళ్ళు రండి. నాకు రాదని నవ్వాలనుకున్నవాళ్ళూ రండి. గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. తడి చేతులతో ఎవరూ రావద్దు. నిప్పు రాజెయ్యడానికి కాగితాలు తేనక్కర్లేదు. నా దగ్గర నాలుగు వందల పన్నెండు ఉన్నాయి.