పొమ్మంటే పోయాను

జులై 7

గురువుగారు పొమ్మన్నారు. వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం ఆరు

అవతల దండెం మీది గుడ్డ అందుకోవడానికి, నేలలో పాతిన నీలిమందు తొట్టిని దాటాను. తప్పే, కాదనను. తొట్టికి ప్రాణం ఉందని వీళ్ళ నమ్మకం. కానీ నాలుగేళ్ళుగా ఈ తోకుషిమాలో అద్దకం నేర్చుకుంటున్నవాణ్ణి. అందరి ముందూ, పో, నీలాంటివాడు నాకక్కర్లేదు, మీ టాస్మేనియాకే పో అన్నారు మా గురువు బాందోగారు.

జపాన్‌లో ఎవరూ ముఖం మీద కాదనరని మావాళ్ళు చెప్పి పంపారు. పొమ్మనలేక పొగబెట్టే రకమట. అలాంటి మనిషి నోరు తెరిచి పొమ్మన్నాక ఇంకా దేనికి ఉండాలి? వంగి నమస్కారం పెట్టి బ్యాగ్ సర్దుకున్నాను. నాకంటే ముందు చేరిన శిష్యుడు యూదాయ్ నోరు వెళ్ళబెట్టి చూశాడు. ఒక్కరూ ఆపలేదు.

జులై 8

స్టేషన్ దగ్గర లాడ్జి. ఫ్లైట్ పదిహేనున. గోళ్ళల్లో నీలం ఎంత రుద్దినా పోవడం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

జులై 10

గురువుగారి భార్య మిత్సుఎగారు వచ్చారు. అన్నం ముద్దలు, ఊరబెట్టిన ముల్లంగి తెచ్చారు. ఎండలు ముదిరాయి బాబూ, ఈ ఎండలకి తొట్లు ఊరికే పాడైపోతాయి అన్నారు. అవునండీ, బాగా ముదిరాయి అన్నాను. మీ గురువుగారికి నిద్ర సరిగా పట్టడం లేదు అన్నారు. వయసు కదండీ అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి వెళ్ళిపోయారు.

ఆయన తరఫున ఒక్క మంచిమాట చెబుతారనుకున్నాను. ఎండల కబుర్లకి అంత దూరం రావాలా?

జులై 12

మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఎండలే.

జులై 13

యూదాయ్ ఫోన్ చేశాడు. తాగి ఉన్నాడు, లేకపోతే నోరు విప్పేవాడు కాదు. ఒరేయ్ రోరీ, నీకు బుర్రుందా, పొమ్మంటే పోతారా ఎవరైనా అన్నాడు. నువ్వు రాకముందు నన్నూ పొమ్మన్నారు, గుమ్మం దగ్గర తలొంచుకుని కూర్చున్నాను, అంతే అన్నాడు. అక్కర్లేనివాణ్ణి తిట్టరట, టీ ఇచ్చి సాగనంపుతారట. ఇన్నేళ్ళూ నువ్వు చుట్టానివి, మొన్న తిట్టాకే మనవాడివయ్యావు అన్నాడు.

మరి నేను సొంతంగా పులియబెట్టుకున్న తొట్టిని ఎవరు కలుపుతున్నారని అడిగాను. ఎవరూ కలపడం లేదట. పూటపూటా కలపకపోతే అది చస్తుందని ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. నీ తొట్టిలో మేమెలా చెయ్యి పెడతాం, నువ్వొస్తావుగా అన్నాడు.

ఫోన్ విసిరికొట్టాను. ఉండమనడానికి పొమ్మనాలా? నీ తొట్టి చస్తోందిరా అని చెప్పడానికి ఎండల గురించి మాట్లాడాలా? అందరికీ నోళ్ళు పడిపోయాయా?

జులై 14

వెళ్ళాను. మూత తీశాను. వసంతంలో నా చేతులతో నేను పులియబెట్టిన మొదటి తొట్టి. నురగ లేదు. కుళ్ళు కంపు.

గురువుగారు పక్క తొట్టి కలుపుతున్నారు. తల ఎత్తలేదు. ఎందుకు చావనిచ్చారని ఆయన మీద అరిచాను. నాలుగేళ్ళలో మొదటిసారి. ఎందుకు వదిలేసి పోయావు అన్నారాయన. అప్పుడు తల ఎత్తారు. కోపంతో ఏడుపొచ్చింది నాకు.

జులై 15

ఫ్లైట్ వెళ్ళిపోయి ఉంటుంది. పొద్దుటినుంచీ తొట్టి తోడిపోస్తున్నాను. గురువుగారు వచ్చి, ఇంకా ఉన్నావా, పో అన్నారు.

మీరే పొండి అన్నాను.

వెళ్ళి ఇంకో బకెట్ తెచ్చుకున్నారు.