ఇటలీ కారులో రెండో సీటు

విజయనగరం, 12 నవంబరు 1968

నాన్న పోయాక షెడ్డులోంచి కదలని ఎర్ర కారు ఈ రోజు కలకత్తా వెళ్ళిపోయింది. కొన్నాయనకి పాత ఇటలీ కార్లంటే పిచ్చి. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగాడు. ఓడలో తెప్పించుకున్న జమీందారు సంగతీ, ఎస్టేటు పోయాక ఆయన దగ్గర నాన్న కొన్న సంగతీ గొప్పగా చెప్పాను. ఉన్నవి రెండే సీట్లు. ఒకటి నాన్నది, రెండోది ఆయన పేకాట స్నేహితులది.

లారీ ఎక్కించబోతుంటే అమ్మ వచ్చి కారు తలుపు పట్టుకుంది. "ఒరే, ఒక్కపాలి కూకుంతానురా."

"ఇప్పుడేటమ్మా! లారీవోళ్ళు తొందరపడతన్నారు" అని కసిరాను. తలుపు వదిలి పక్కకి తప్పుకుంది.

లారీ వెళ్ళాక చూశాను, అమ్మ పొందూరు చీర కట్టుకుని ఉంది. ఊరికి వెళితే తప్ప దాన్ని పెట్టెలోంచి తీయదు. కారు ఎవరెవరిదో అంత వివరంగా చెప్పినవాణ్ణి, అమ్మ అందులో ఒక్కసారైనా కూర్చుందా అని ఇన్నేళ్ళూ ఆలోచించలేదు. లారీ కాసేపు ఆగితే ఏమయ్యేది?

రాత్రి అన్నం పెడుతుంటే, తలెత్తలేక, "కోపమొచ్చిందా అమ్మా?" అన్నాను.

"కోపమేటిరా" అంది, చారు పోస్తూ. "మీ నాన్నకీ అంతే. నానెప్పుడెక్కుతానన్నా తొందరే."