మల్లికి సైటు

బుడ్డమ్మా, నేనూ మన గుర్రం మల్లీ బాగున్నాం, దిగులు పడొద్దు. పెళ్లిళ్లకు గుర్రం కావలసిన వాళ్ల దగ్గరంతా మీ అన్న నంబరే ఉంది. వాడు పోయాక ఎవరూ పిలవడం లేదు. వాడి స్నేహితుడు దేవేంద్ర మొన్న వచ్చి, "మల్లికి సొంతంగా సైటుండల్ల పెద్దమ్మా, కదిరోళ్లు కూడా పిలుస్తారు" అన్నాడు.

"నేనుండేదే బాడుగిల్లు, గుర్రానికి సైటు యాడ కొనేదప్పా?" అన్నాను. పడీపడీ నవ్వాడు. అది స్థలం కాదంట, ఫోనులో కనబడేదంట.

అందులో పెట్టడానికి పెళ్లి ఊరేగింపులో ముస్తాబైన మల్లి ఫోటో ఒక్కటే ఉంది. పక్కన కళ్లెం పట్టుకుని మీ అన్న నవ్వుతున్నాడు. పోయినవాడిని చూసి పెళ్లికి ఎవరు పిలుస్తారు? వాడిని కత్తిరించమనడానికి నాకు నోరు రాలేదు. ఏం చేయమంటావో రాయి. అల్లుడికి నా దీవెనలు. వేళకు కడుపునిండా తిను.

మీ అమ్మ