కేరాఫ్ వరస

5-7-88, మంగళవారం

మద్దిలపాలెంలో నేను కంప్యూటర్ నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టగానే వార్త — పాత కంప్యూటర్ శనివారం వెళ్ళిపోతోంది. అద్దెది. మా చర్చి మాసపత్రిక చందాదారుల చిరునామాలన్నీ దాన్లోనే, లేబుళ్ళు అచ్చువేసే ప్రోగ్రాంలో. వాటిని బయటికి తీసి కొత్త మెషీన్లోని డేటాబేస్‌కి ఎక్కించాలి. లేదంటే మొత్తం మళ్ళీ టైపు చెయ్యడమే. ఈ నెల పత్రిక వెళ్ళదు. పత్రిక నడిపే సలోమి ఆంటీ ముఖం చూడలేక, "నేను చేస్తానాంటీ" అనేశాను.

అక్కడ మాకు నేర్పే ప్రసాద్ సార్ దీన్ని ఎక్స్‌పోర్ట్ అంటారు. నాకు ఎగుమతి అనాలని ఉంది. ఎంత నిండైన మాట! నాన్నతో అంటే — "నాను రోజూ పోర్టులో సేత్తన్నదేటే మరి? నీ ఓడ ఏ బెర్తులో ఉందే?"

6, బుధవారం

అయిపోయింది! అన్నీ ఫ్లాపీలోకి వచ్చేశాయి.

7, గురువారం

అయిపోలేదు.

లేబుల్లో మొదటి వరస పేరు, తర్వాత ఇల్లు, వీధి, ఊరు. కొత్త ప్రోగ్రాం అలాగే వరసలు లెక్కపెట్టి గళ్ళలో వేసుకుంటుంది. కానీ చాలామంది ఆడవాళ్ళ పేరు కింద కేరాఫ్ అని భర్త పేరు. ఒక వరస ఎక్కువ. ఇంటి గడిలో భర్త, వీధి గడిలో ఇల్లు... చివర ఊరికి చోటు లేదు. స్టీల్ ప్లాంట్ క్వార్టర్లుండే ఉక్కునగరం మొత్తం మాయం.

"కేరాఫ్‌లు తీసెయ్యమ్మా, గొడవొదిలిపోద్ది" — సార్.

నాకూ నచ్చింది. చదివేది ఆవిడ. మధ్యలో ఆయనెందుకు?

8, శుక్రవారం

మధ్యాహ్నం దాకా పాత మెషీన్లో తీస్తూనే ఉన్నాను, ఫ్లాపీలోనూ పాతదాని మీదే మళ్ళీ రాసేశాను. సాయంత్రం ప్రార్థనకి ఉక్కునగరం నుంచి రత్నకుమారి గారొచ్చారు. కేరాఫ్‌లు తీసేస్తున్నానని గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వారు.

"బానే ఉందమ్మా. క్వార్టర్ ఆయన పేరు మీదుంది. రత్నకుమారంటే మా పోస్టుమేన్‌కి ఎవరో తెల్దు. పత్రిక ఎనక్కెల్లిపోద్ది."

చెప్పులేసుకుంటూ — "నా పేరు మాత్రం పైనే ఉంచు. మా ఇంటికి నా పేరుతో వచ్చేది అదొక్కటే."



కేరాఫ్ ఉండాలి. అయితే అది లేనివాళ్ళకి ఆ చోట ఉత్త వరస పెట్టాలి, అందరివీ సమానం కావాలంటే. ఒక్కొక్కటీ చేత్తో, పాత మెషీన్లోనే. నేను తీసేసినవి పాత అచ్చు షీట్లు చూసి మళ్ళీ టైపు చెయ్యాలి. దాన్ని తీసుకెళ్ళే వ్యాను రేపు మధ్యాహ్నమే.

"అవదమ్మా" అన్నారు సార్. ఇన్‌స్టిట్యూట్ తాళం మాత్రం ఇచ్చారు.

రేపు మొదటి బస్సుకే మద్దిలపాలెం. ముందు నేను చెరిపినవి. ఉత్త వరసలు ఆ తర్వాతే, వ్యాను వచ్చేలోగా ఎన్నయితే అన్ని —